కొత్త కారుకు అరిగిన మర

మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన అబద్ధాలన్నింటిలోకి పచ్చనైనది కుండీలో మొక్క. వేరు దిగని చోట పచ్చదనాన్ని నిలబెట్టి, ఇక్కడంతా సుభిక్షమని చూపరులకు చెప్పించగల శక్తి సృష్టిలో మరే ప్రాణికీ లేదు. ఏ సంస్థ గేటు ముందైనా తెల్లవారేసరికి కుండీలు వెలిశాయంటే ఆ సంస్థ నిండా మునిగిందని, మునిగినవాడిని చూడడానికి ఎవరో పెద్దలు వస్తున్నారని, వారి చేతిలో ఉన్నది తాడో కత్తెరో ఇంకా తేలలేదని విజ్ఞులు గ్రహించాలి.

కార్ల ఫ్యాక్టరీ గేటు ముందు ఆ ఉదయం కుండీలు రెండు వరసలు తీరి ఉన్నాయి.

పోయిన వారం కథ ఆగిన చోటు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఈలోగా సంసారాలు ఈదినవారికి గుర్తు లేకపోవడమూ న్యాయమే. అమ్ముడుపోని కార్లు చేసి చేసి అలసిన ఆ సంస్థ, తనను ఒడ్డున పడేయమని ప్రభుత్వాన్ని వేడుకున్నది. ఏమీ తేల్చుకోలేనప్పుడు ప్రభుత్వాలు అనాదిగా చేసే పనినే ఈ ప్రభుత్వమూ చేసి, ఒక సంఘాన్ని వేసింది. అందులో ఇద్దరు: అధ్యక్షులుగా ఒక రిటైర్డు జడ్జిగారు, సభ్యుడిగా ఒక ఆర్థికశాస్త్రవేత్త. ఈ శాస్త్రవేత్త ఫ్యాక్టరీ యూనియన్ కార్యదర్శికి సాక్షాత్తు బావమరిది, అనగా భార్యకు స్వయానా తమ్ముడు. ఇంత దగ్గరి చుట్టరికం ఉంటే పక్షపాతం రాదా అని కొందరు సందేహించారు. ప్రభుత్వం విచారించింది. బావా బావమరుదులకు నాలుగేళ్లుగా మాటలు లేవని, ఒకరు ఉన్న గదిలో మరొకరు నీళ్లు కూడా తాగరని తేలింది. ఇంతటి నిష్పాక్షికత డబ్బు పోసినా దొరకదని ప్రభుత్వం సంతోషించి, నియామకాన్ని ఖాయం చేసింది.

ఇక్కడొక చిక్కు. విడిభాగాలు పంపేవారు అరువు మానేసినందున ఫ్యాక్టరీలో కార్లు కూర్చే లైను కదలడం లేదు. కదలని లైనును చూపించి సాయమడగడం శవానికి బలం మందు అడగడంలాంటిది. అందుచేత సంస్థ అధిపతి, వ్యవస్థాపకుల మనవడు కావడమే ప్రధాన అర్హతగా ఆ కుర్చీలో కూర్చున్న 'మనవడుగారు', ఒక ఉపాయం ఆలోచించారు. మిగిలిన తొమ్మిది తెల్లకార్లనే లైను మీద గుండ్రంగా తిప్పాలి. దానికి కార్మికులు ఒప్పుకోవాలి. కార్మికులు ఒప్పుకోవాలంటే కార్యదర్శి ఒప్పుకోవాలి. మూడుసార్లు కుర్చీ తన్ని లేచిపోయిన కార్యదర్శి నాలుగోసారి తల దించుకుని, "సరే" అన్నాడు. అక్కడ ఆగాం.

ఆ కార్యదర్శిని ఫ్యాక్టరీలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. 'సైరన్' అంటారు. షిఫ్టు మారేటప్పుడు మోగే సైరను కంటే ఆయన గొంతే ముందు వినిపిస్తుందని ప్రతీతి. కోపం ఇతరులకు అప్పుడప్పుడు వచ్చే జబ్బు. సైరన్‌కు అది రోజూ చేసే ఉద్యోగం. అటువంటివాడు ఆ రోజంతా నోరు మెదపనని మాట ఇచ్చాడు. సాయం మంజూరైతే ఊరు నిలుస్తుంది, కాకపోతే గేటుకు తాళం పడుతుంది. ఆ రెంటికీ మధ్య అడ్డంగా ఉన్నది ఆయన నోరొక్కటే.

ప్రస్తుతం సైరన్ తన పాత స్థానంలో, తలుపులు బిగించే చోట నిలబడి ఉన్నాడు. కార్యదర్శి అయిన నాటినుంచి ఆయన మైకు పట్టాడే గాని పనిముట్టు పట్టలేదు. కానీ మనుషుల్లో సగం మందిని ఇదివరకే ఇంటికి పంపినందున ప్రదర్శనకు చేతులు చాలలేదు. పాత యూనిఫాం తీసి తొడుక్కున్నాడు. పొట్ట దగ్గరి గుండీలు యాజమాన్యం పట్ల తమ నిరసనను బహిరంగంగా వెల్లడిస్తున్నాయి. ఎదురుగా, కారుకు అవతలి పక్క తలుపు దగ్గర, పిన్ని ఉంది. ఆమె ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు. ఫ్యాక్టరీ మొత్తానికి పిన్ని.

కారు వస్తుంది. ఇద్దరూ చెరొక తలుపూ ఆన్చి, మడతబందు బోల్టులు బిగిస్తారు. కారు పోతుంది. లైను చివర బయటపడ్డ కారును నలుగురు నెట్టుకుంటూ వెనక షెడ్డులోకి తీసుకుపోయి, తలుపులు ఊడదీసి, అద్దాలు తుడిచి, మూతపడ్డ రంగుల విభాగం గుండా నీలం టార్పాలిన్ చాటున మళ్లీ లైను మొదటికి చేరుస్తారు. అక్కడినుంచి అది అప్పుడే పుట్టిన పసికందులా అమాయకంగా ముందుకు వస్తుంది. పునర్జన్మను నమ్మనివారు ఆ షెడ్డు వెనక కాసేపు నిలబడితే చాలు, నాస్తికత్వం వదిలిపోతుంది. కార్లన్నీ తెల్లవే కావడం కూడా మనవడుగారి దూరదృష్టి. ఒక తెల్లకారు మీద మరో తెల్లకారు సాక్ష్యం చెప్పదు.

"ఒరేయ్, ఈ కారుకి నేను డోరు బిగించడం ఇది ఎన్నోసారో," అంది పిన్ని పెదవులు కదపకుండా. "దీనికీ నాకూ చుట్టరికం కలిసింది. ఇంకో చుట్టు తిరిగితే పేరు పెట్టేస్తాను."

"మాట్లాడకు పిన్నీ. వస్తున్నారు."

వస్తున్నారు. ముందు మనవడుగారు, తలమీద ఎన్నడూ మట్టి అంటని తెల్ల హెల్మెట్టుతో. వెనక జడ్జిగారు, పొడుగాటి నెరిసిన జుట్టు భుజాలు తాకుతుండగా, కనిపించిన ప్రతి యంత్రానికీ గంభీరంగా తల ఊపుతూ. ఆ వెనక బావమరిది. నాలుగేళ్లలో వాడికి కాస్త బట్టతల వచ్చింది. వచ్చిందని లోలోపల సంతోషించి, సంతోషించినందుకు తన మీద తానే చిరాకుపడి, సైరన్ కళ్లు బోల్టు మీద నిలిపాడు.

అక్కడే కొంప మునిగింది.

ఈ ఫ్యాక్టరీలో పనికి చేరినవాడికి మొదటిరోజు నేర్పే ధర్మం ఒక్కటే. లైను పొడుగునా తలపైన ఒక పసుప్పచ్చ తాడు వేలాడుతుంది. లోపం కనిపిస్తే తాడు లాగు, లైను ఆగుతుంది. లోపాన్ని చూసి కూడా ముందుకు పోనిచ్చినవాడితో ఎవరూ కలిసి టీ తాగరు. ఈ నియమం కాగితాల్లో లేదు, కండరాల్లో ఉంది. సైరన్ నిద్రలో కూడా చెయ్యెత్తి కిటికీ పరదా తాడు లాగేవాడని ఆయన భార్య ఇరుగుపొరుగుకు చెప్పుకుని నవ్వుకునేది. ఆ రోజు ఆ కారుకు మూడో బోల్టు బిగుస్తుంటే అది గిర్రున తిరిగింది తప్ప పట్టలేదు. ఊడదీసి బిగించి, ఊడదీసి బిగించి, బోల్టును పట్టి ఉంచే లోపలి మర అరిగిపోయింది. అది దొంగ కారని, దాన్ని ఎవరూ ఎక్కబోరని, ముందు నిలబడినది తన తలరాత రాసే సంఘమని సైరన్ బుద్ధికి తెలుసు. చేతికి తెలియదు. చెయ్యి లేచింది. తాడు లాగింది.

ఎర్రదీపం వెలిగింది. గంట మోగింది. లైను ఆగిపోయింది.

"ఏరా, మతి పోయిందా?" అంది పిన్ని.

"మర పట్టడం లేదు పిన్నీ."

"పట్టకపోతే ఏం? దీన్లో ఎవడు ఊరేగుతాడని?"

"చెయ్యి దానంతటదే పోయింది."

"నోరు కట్టేసుకుంటానన్నావు గాని, చెయ్యి సంగతి మాకెవరికీ తట్టలేదు," అని పిన్ని తల పట్టుకుంది.

మనవడుగారు చల్లగా నవ్వి, జడ్జిగారి మోచెయ్యి పట్టుకుని, అద్దాలు అమర్చే యంత్రం వైపు నడిపించుకుపోయారు. బావమరిది కదలలేదు. వంగి, తలుపు సందులోకి చూసి, బోల్టు రంధ్రంలో చిటికెనవేలు పెట్టి తిప్పి, బయటికి తీశాడు. వేలికొసన ఇనుప రజను మెరిసింది.

నాలుగేళ్ల మౌనం ఈ మాటతో ముగిసింది: "కొత్త కారుకి మర అరిగిందేం బావా?"

సైరన్ వాడి రెక్క పట్టుకుని పక్కనున్న టీ గదిలోకి లాక్కుపోయి, తలుపు వేశాడు.

ఆ గది ఒక పెద్ద అలమర కంటే కాస్త పెద్దది. గోడ వెంట సొట్టలు పడ్డ ఇనుప బీరువాలు. వేడి గ్లాసుల మచ్చలతో చిరుతపులిలా మారిన బల్ల. దొంగల భయంతో బల్లకాలికి గొలుసు కట్టిన చక్కెర డబ్బా. గోడమీది భద్రతా పోస్టరులో ఒక కార్మికుడు తన పది వేళ్లూ చూపిస్తూ ఆనందిస్తున్నాడు.

"కూర్చో," అన్నాడు సైరన్.

"నిలబడే ఉంటాను."

"ఏం, కూర్చుంటే సూటు నలుగుతుందా?"

"కూర్చుంటే నువ్వు పైనుంచి అరుస్తావు. నిలబడితే కనీసం ఎదురుగా అరుస్తావు."

"అరవనని మాటిచ్చాను ఇవాళ!" అని సైరన్ అరిచాడు. చక్కెర డబ్బా గొలుసు కదిలింది. "సరే. అక్క ఎలా ఉందని అడగవేం?"

"అక్క ఎలా ఉంది?"

"నువ్వు రాసిన ఆ వ్యాసాన్ని మడిచి పొయ్యి కాలి కింద పెట్టింది. పొయ్యి ఇప్పుడు ఊగడం లేదు. నీ చదువు మా ఇంటికి అక్కరకొచ్చింది ఆ ఒక్కసారే."

ఆ వ్యాసమే నాలుగేళ్ల మౌనానికి మూలం. 'కుంటిగుర్రానికి గడ్డి దండగ' అన్న శీర్షికతో పేరున్న పత్రికలో, రచయిత ఫోటోతో సహా అచ్చయింది. గుర్రమంటే ఈ ఫ్యాక్టరీ అని చెప్పకనే చెప్పింది.

"అందులో ఒక్క అబద్ధం ఉంటే చూపించు," అన్నాడు బావమరిది.

"గుర్రమంటే ఎవర్రా? ఎవరు గుర్రం? మీ అక్క మొగుడా?"

"కంపెనీ, బావా."

"కంపెనీకి కాళ్లుంటాయా కుంటడానికి? కుంటేది మేము! గడ్డి తినేది ఇంకొకడు!"

"ఒక మాట విను. మా వీధి చివర ఒకామె బట్టలు కుడుతుంది. ఆమెకు కారు లేదు, ఈ జన్మకు కొనదు. ఆమె కొనే దారపుండ మీద పన్ను పిండి, వెనకసీట్లో మోకాళ్లు పట్టని కారు చేసినవాడి చేతిలో పోయాలా? రేపు ఆమె మిషను ఆగిపోతే ఎవరైనా సంఘం వేస్తారా? జడ్జిగారు హెల్మెట్టు పెట్టుకుని వెళ్లి పరామర్శిస్తారా? ఆమె ఏడుపు చిన్నది కాబట్టి వినిపించదు. మీ ఏడుపు పెద్దది కాబట్టి సాయం. అంతేనా న్యాయం?"

వాడు చెప్పిన ఆమెకు ముఖం లేదు. ఆమె ముఖం తన అత్తగారి ముఖంలా ఉండి ఉంటుందని సైరన్‌కు ఎందుకో తోచి, అది తోచినందుకు మరింత మండింది. జవాబు లేని ప్రశ్న ఎదురైనప్పుడు స్థాయి పెంచడం సంగీతంలోనూ రాజకీయంలోనూ సమ్మతమే.

"ఆ వెనకసీటు గీసింది నేనా? ఇరుకుగా ఉందని మేం చెప్పలేదా? మొదటి కారు లైను దిగినరోజే పిన్ని ఎక్కి కూర్చుని, దిగలేక, ఇద్దరు పట్టుకు లాగితే బయటపడింది! పైకి చెప్పాం. 'మీ పని బిగించడం, ఆలోచించడం మాకు వదిలెయ్యండి' అన్నారు. వదిలేశాం! వాళ్ల ఆలోచన తప్పితే, బిగించినవాడి మెడకి ఉరి బిగుస్తావా? ఆలోచించినవాడు మాత్రం అద్దాల మేడలో కూర్చుని మీకు టీ పోయిస్తాడు!"

"తాగలేదు ఆ టీ."

"మహా త్యాగం చేశావు! ఒరేయ్, నువ్వు మా ఇంట్లో ఉండి చదివేటప్పుడు రెండుసార్లు తప్పావు. గుర్తుందా? రెండుసార్లు! వీడొక కుంటిగుర్రం, గడ్డి దండగ అని మీ అక్క ఆ రోజు అందా? తలుపేసుకుని మూసెయ్యమందా?"

బావమరిది ముఖం ఎర్రబడింది. ఆ దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. కానీ వాడూ ఆ ఇంటి అన్నమే తిన్నవాడు. తిరిగి కొట్టడం ఆ కంచం దగ్గరే నేర్చాడు.

"మూడోసారి పాసయ్యాను బావా," అన్నాడు నెమ్మదిగా. "మీ కంపెనీకి ఇది మూడోసారి. మొదటిసారి సాయం తీసుకుని ఏం చేశారు?"

"అద్దాల మేడ కట్టారు."

"రెండోసారి?"

సైరన్ పళ్లు నూరాడు. "దాని ముందు ఫౌంటెను కట్టారు."

"పనిచేస్తోందా?"

"ఎక్కడ! అందులో కప్పలున్నాయి."

"మరి మూడోసారి కప్పలకేం కడతారు?"

"ఏం కడతారో నన్నడుగుతావేంరా! సొమ్మొకడిది సోకొకడిదని మేం గేటు దగ్గర గొంతులు చించుకోలేదా? వాడి చేతికి పైసా ఇవ్వద్దని ఆ రోజే అన్లేదా?"

"నేనూ ఇవ్వద్దనే అంటున్నాను!"

"నేనూ అదే అంటున్నాను!"

ఇద్దరూ ఒకే మాట అంటున్నారన్న సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది. నాలుగేళ్లు పెంచి పోషించుకున్న శత్రుత్వం ఇలా ఏకాభిప్రాయంలో పడి చావడాన్ని మించిన అవమానం వీరులకు లేదు. ఇద్దరూ ఒకరినొకరు అసహ్యంగా చూసుకున్నారు.

ముందు సైరనే కోలుకున్నాడు, తన పాత కోపాన్ని వెతికి పట్టుకుని. "నీకూ నాకూ తేడా ఉందిరా. ఇవ్వకపోతే నువ్వు రైలెక్కి ఇంటికి పోయి ఇంకో వ్యాసం రాసుకుంటావు. మేం ఎక్కడికి పోవాలి? ఇస్తే వాడు బతుకుతాడు, ఇవ్వకపోతే మేం చస్తాం. వాణ్ణి ముంచి మమ్మల్ని తేల్చే దారి ఒక్కటి చెప్పు. పెద్ద చదువు చదివావుగా! చెప్పు!"

"వాణ్ణి దింపి ఫ్యాక్టరీని మీకు అప్పజెప్పమని సిఫారసు చెయ్యచ్చు. చేస్తే జడ్జిగారు వినాలి. ఆయన వినాలంటే ఈ ఫ్యాక్టరీలో నిజం చెప్పేవాడు ఒక్కడైనా ఉన్నాడని ఆయనకు తెలియాలి." వాడు వేలికొసనున్న ఇనుప రజనును బల్లమీద దులిపాడు. "లైను మీద ఎన్ని కార్లు తిరుగుతున్నాయి బావా?"

సైరన్ చూపు బల్లమీది రజను మీదికి దిగింది. జవాబు కోసం పోస్టరులోని కార్మికుడు కూడా చెవి ఒగ్గినట్టనిపించింది.

"వద్దు, చెప్పకు," అన్నాడు బావమరిది. "చెబితే నేను రాయాలి."

"రాస్తావా?"

"రాస్తాను."

"మీ అక్క మళ్లీ నీ ముఖం చూడదు."

"తెలుసు," అన్నాడు వాడు. ఆ ఒక్క మాటలో మాత్రం ఆర్థికశాస్త్రం లేదు.

బయట గంట ఆగింది. "కార్యదర్శిగారూ!" అని మనవడుగారి గొంతు తేనె కారుతూ పిలిచింది.

ఇద్దరూ బయటికి వచ్చారు. మనవడుగారు జడ్జిగారిని తిరిగి అదే తలుపు దగ్గరికి తీసుకొచ్చి ఉన్నారు. చుట్టూ కార్మికులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఈ కాస్త వ్యవధిలో మనవడుగారు, తన తాతగారి రక్తంలో ఏదో ఒక చుక్క మిగిలి ఉందని నిరూపిస్తూ, గండాన్ని ఘనకార్యంగా మార్చేశారు.

"అధ్యక్షులవారు చూశారు కదా! మా సంస్కృతి ఇది! ఒక చిన్న బోల్టు. ఎవరూ గమనించని లోపం. అయినా సాక్షాత్తు మీరు నిలబడి ఉండగా, మా కార్మికుడు లైను ఆపేశాడు! ఇలాంటి నాణ్యతా దీక్షను మునగనివ్వడం దేశానికి నష్టం కాదా?"

జడ్జిగారు తల ఊపారు. మనవడుగారు సైరన్ వీపు మీద చరిచారు. చరుస్తూనే చెవిలో, "శభాష్, భలే ఆడారు నాటకం," అన్నారు.

ఇదివరకు ఎందరో సైరన్‌ను తిట్టారు, కొట్టించారు, సస్పెండు చేశారు. మెచ్చుకున్నవాడు మాత్రం యాజమాన్యంలో లేడు. ఆ చరుపు వీపుమీద వాత పెట్టినట్టు కాలింది. ఓర్చుకున్నాడు. గండం గడిచింది. ఇంకొక్క ఘడియ నోరు కట్టుకుంటే ఊరు నిలుస్తుంది. పిన్ని అవతలి పక్కనుంచి కళ్లతోనే బతిమాలుతోంది.

కానీ ఏ వక్తనైనా పాడుచేసేది తల ఊపే శ్రోత. జడ్జిగారు ఊపినకొద్దీ మనవడుగారికి ఉత్సాహం పొంగింది.

"మీరు సాయం సిఫారసు చేస్తే, వచ్చే ఏడాదికి ఈ చోటు గుర్తుపట్టలేరు! ఇక్కడ, ఇక్కడ, అక్కడ, అన్నీ మరమనుషులే! బోల్టు బిగించడానికి చెయ్యే అక్కర్లేదు. తాడు లాగేవాడు ఉండడు, లైను ఆగదు. జీతం లేదు, సెలవు లేదు, యూనియన్ లేదు!" అని, తన చమత్కారానికి తానే నవ్వి, సైరన్ వైపు కన్ను గీటారు.

జడ్జిగారు తల ఊపారు.

సైరన్ చేతిలోని బోల్టులు బిగించే గన్ను నేలమీద పడింది. అది సిమెంటు మీద చేసిన చప్పుడు తర్వాత జరిగినదానికి కేవలం నాంది.

"మరమనుషులా?" అన్నాడు. అని, వెనక్కి తిరిగి మనవడుగారిని చూడకుండా, తిన్నగా జడ్జిగారి ముందుకు నడిచాడు. "అయ్యా, మీరు పెద్దవారు. న్యాయం చెప్పి జుట్టు నెరిపారు. వినండి! పొద్దున్నుంచి మీరు చూసినవి వందల కార్లు కావు. తొమ్మిది! తొమ్మిదే కార్లు! ఆ చివర దిగి, ఆ వెనక షెడ్డులో డోర్లు ఊడదీయించుకుని, ఆ టార్పాలిన్ వెనకనుంచి దొంగపిల్లిలా మళ్లీ వస్తున్నాయి! నమ్మకపోతే వెళ్లి ఆ గుడ్డ ఎత్తి చూడండి! అక్కడ నలుగురు చెమటలు కక్కుతూ నించుని ఉన్నారు. ఈ మర ఎందుకరిగింది? బిగించిందే బిగించి, విప్పిందే విప్పి! మా బతుకులూ ఇలాగే అరిగాయి! ఈయన అబద్ధమాడమంటే ఆడాం. ఎందుకాడాం? పిల్లల నోట్లోకి ముద్ద పోతుందని! ఆ ముద్ద తీసి మరమనిషి నోట్లో పెడతాట్ట, దానికి నోరు కూడా లేదు!"

"కార్యదర్శిగారూ, మీకు ఒంట్లో..." అన్నారు మనవడుగారు.

"నువ్వు మాట్లాడకు! రెండుసార్లు మా పేరు చెప్పి ముష్టెత్తి మేడ కట్టావు, కప్పల్ని పెంచావు! అయ్యా, ఒకటే అడుగుతున్నాను. ఇస్తే మాకివ్వండి, ఇతని చేతికి ఇవ్వకండి. ఇతన్ని దింపండి, మేం నడుపుతాం. మనిషి మోకాళ్లు పట్టే కారు చేస్తాం. ఇవ్వనంటారా? ఇవ్వకండి! ఎక్కడో ఒకామె బట్టలు కుట్టుకుని కట్టిన పన్ను మాకొద్దు. కానీ ఆ మాట ఇక్కడ, మా ముఖం మీద చెప్పి పొండి. కాగితంలో రాసి పంపకండి!"

ఆ గొంతు రేకుల కప్పుకు కొట్టుకుని, టార్పాలిన్ వెనకనున్న నలుగురి దాకా పోయి, తిరిగివచ్చింది. పిన్ని పమిట నోట్లో కుక్కుకుంది. ఎవరో ఒక చప్పట కొట్టి, భయపడి మానేశారు. మనవడుగారి ముఖం కార్ల రంగుకు వచ్చింది. బావమరిది మాత్రం బావను అలాగే చూస్తున్నాడు, పద్దెనిమిదేళ్ల వయసులో ఆ ఇంటి గడప తొక్కినప్పుడు చూసినట్టుగా.

జడ్జిగారు రెండడుగులు ముందుకు వేసి, గ్రీజు అంటిన సైరన్ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"నాయనా," అన్నారు, అవసరమైనదానికంటే కాస్త గట్టిగా, "ఇంత ఆవేశం నేను కోర్టులో కూడా చూడలేదు. సంస్థ మీద మీకున్న ఈ అభిమానం చూశాక నాకింకే రుజువూ అక్కర్లేదు. యజమానిగారు అదృష్టవంతులు. సాయం మొత్తం ఆయన చేతికే అందేలా సిఫారసు రాస్తాను."

సైరన్ నోరు తెరిచాడు. నలభై ఏళ్లలో మొదటిసారి అందులోంచి ఏమీ రాలేదు. మనవడుగారి ముఖంలోకి రక్తం మెల్లగా తిరిగివచ్చింది. అధ్యక్షులకు అర్థం కాలేదో, అర్థమయ్యే ఇలా అన్నారో తేల్చుకోలేక కార్మికులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

అప్పుడు బావమరిది గొంతు సవరించుకుని ముందుకు వచ్చాడు. వాడు విన్నాడు. ప్రతి మాటా విన్నాడు. రాస్తానన్నాడు. వాడు నోరు విప్పితే ఏ పక్షాన విప్పుతాడో సైరన్‌కు ఆ ముఖంలో చిక్కలేదు.

"అయ్యా," అన్నాడు బావమరిది జడ్జిగారి భుజం తట్టి, "మీరు రాసేముందు ఒక్క మాట."

జడ్జిగారు వాడివైపు తిరిగి, నెరిసిన జుట్టు వెనక్కి తోసుకుని, గేటు దగ్గర అతిథులకు హెల్మెట్టుతోబాటు ఇచ్చిన స్పాంజి బిరడాలను ఒక్కొక్కటిగా రెండు చెవుల్లోంచీ పీకి, అరచేతిలో పెట్టుకుని మెచ్చుకోలుగా చూశారు.

"ఒక్క చప్పుడు లోపలికి పోలేదు, భలే పనిచేస్తున్నాయి," అన్నారు. "ఇవి కూడా ఇక్కడే తయారుచేస్తారా?"